బండి ఆగినా ఖర్చు ఆగదు

చలికాలం రాగానే అమెరికాలో చక్రాల మీది ఇళ్లలాంటి మోటార్‌హోమ్‌లు షెడ్లకు చేరతాయి. ఇంజిన్ ఆగుతుంది, లైట్లు ఆరతాయి, తలుపుకు తాళం పడుతుంది. బ్యాటరీ మాత్రం చడీచప్పుడు లేకుండా తరిగిపోతూనే ఉంటుంది. ఆరు నెలల తర్వాత కూడా అది ప్రాణంతో ఉండాలంటే ఏం చేయాలి? ఇంటికి తాళం వేసి ఊళ్లు వెళ్లే మనకూ పనికొచ్చే సంగతి ఇది.

అక్టోబరు రెండో సగానికి అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో చలిగాలి మొదలవుతుంది. వేసవంతా ఎల్లోస్టోన్ అడవులకూ సుపీరియర్ సరస్సు ఒడ్డుకూ తిరిగిన మోటార్‌హోమ్‌లు ఊరి చివర అద్దె షెడ్లకూ, కంచె వేసిన ఖాళీ స్థలాలకూ వరస కడతాయి. ఇంత పెద్ద బండిని ఇంటి ముందు నెలల తరబడి నిలపడానికి చాలా కాలనీల నిబంధనలు ఒప్పుకోవు. మిన్నెసోటాలోనైనా మిషిగన్‌లోనైనా యజమానులు ఈ పనిని ఒక పద్ధతి ప్రకారం చేస్తారు. నీళ్ల ట్యాంకు ఖాళీ చేస్తారు. పైపుల్లో మిగిలిన నీరు గడ్డకట్టి వాటిని పగలగొట్టకుండా గులాబీ రంగు యాంటీఫ్రీజ్ నింపుతారు. వాసన పట్టకుండా ఫ్రిజ్ తలుపు కాస్త తెరిచి ఉంచుతారు. ఎలుకలు దూరే సందులు మూస్తారు. టైర్లలో గాలి చూసి, పైన కవరు కప్పి, తాళం వేసి వెళ్తారు.

ఏప్రిల్‌లో వచ్చి తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు. సెల్ఫ్ తీసుకోదు. లోపలికెళ్లి స్విచ్ వేస్తే లైటు వెలగదు. ఇంకో బండి నుంచి కేబుల్ తగిలించి ఇంజిన్‌ను లేపినా, లోపలి బ్యాటరీ మునుపటిలా చార్జి పట్టదు. మెకానిక్ మీటరు పెట్టి చూసి మార్చాల్సిందేనంటాడు. కొని రెండేళ్లు కూడా కాకపోవచ్చు. తిరిగిన రోజులు లెక్కేస్తే రెండు నెలలు కూడా ఉండకపోవచ్చు.

బ్యాటరీని వాడకమే అరగదీస్తుందని అనుకుంటాం. వాడని నెలలు దాన్ని అంతకన్నా వేగంగా చంపగలవు. అలా చనిపోకుండా చూసుకోవడానికి పెద్ద ఖర్చూ అక్కర్లేదు, పెద్ద చదువూ అక్కర్లేదు. లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే చాలు.

ఒకే బండి, రెండు రకాల బ్యాటరీలు

మనవాళ్లకు ఇలాంటి బండి క్యారవాన్‌గా పరిచయం. సినిమా షూటింగుల్లో తారలు మేకప్ వేసుకోవడానికీ, షాట్‌కూ షాట్‌కూ మధ్య విశ్రాంతి తీసుకోవడానికీ వాడే బండి అదే. అమెరికాలో అది సామాన్య కుటుంబాల సెలవుల బండి. 1910లో న్యూయార్క్‌లో పియర్స్ యారో కంపెనీ ప్రదర్శించిన ‘టూరింగ్ లాండో’ను ఈ జాతికి తొలి బండిగా చెబుతారు. అయోవా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీ అనే చిన్న ఊరి నుంచి విన్నెబాగో కంపెనీ 1966లో మోటార్‌హోమ్‌ల తయారీ మొదలుపెట్టాక అది మధ్యతరగతికి అందింది. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పట్టణానికైతే ఈ పరిశ్రమే జీవనాధారం. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా వేసవిలో వీటిని అద్దెకు తీసుకుని నేషనల్ పార్కులకు బయల్దేరడం ఇప్పుడు మామూలైపోయింది. కొందరు సొంతంగానూ కొంటున్నారు.

మామూలు కారులో ఒక బ్యాటరీ ఉంటుంది. మోటార్‌హోమ్‌లో రెండు వేర్వేరు వ్యవస్థలు. మొదటిది ఇంజిన్ బ్యాటరీ. సెల్ఫ్ కొట్టినప్పుడు కొన్ని సెకన్ల పాటు వందల ఆంపియర్లు గుమ్మరించడమే దాని పని. అందుకని దానిలో పలకలు పలుచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. రెండోది ఇంటి బ్యాటరీ. లైట్లు, నీళ్ల పంపు, ఫ్యాన్లు, హీటర్‌లోని బ్లోయరు దీని మీదే నడుస్తాయి. గంటల తరబడి కొద్దికొద్దిగా కరెంటు ఇవ్వాలి కాబట్టి దీని పలకలు మందంగా ఉంటాయి. గోల్ఫ్ మైదానాల్లో తిరిగే చిన్న బళ్లలో వాడే 6 వోల్టుల బ్యాటరీలను రెండేసి జోడించి 12 వోల్టులుగా వాడడం అక్కడ చాలాకాలంగా ఉన్న అలవాటు. అలాంటి జత సామర్థ్యం సుమారు 220 ఆంపియర్ అవర్లు. ఒక్కోటి 28 కిలోల దాకా తూగుతుంది.

షెడ్డులో నిలిపినప్పుడు ఈ రెండిటికీ కాపలా కావాలి. ఇంటి బ్యాటరీకి చార్జర్ పెట్టి, ఇంజిన్ బ్యాటరీని మరిచిపోయేవాళ్లు చాలామంది. బయటి కరెంటు తీగ తగిలిస్తే రెండూ చార్జి అవుతాయన్న నమ్మకం దీనికి మూలం. చాలా బళ్లలో ఆ తీగ ఇంటి బ్యాటరీనే నింపుతుంది. ఇంజిన్ బ్యాటరీకి కొంత కరెంటు మళ్లించే పరికరం విడిగా పెట్టించుకుంటే తప్ప దానికేమీ అందదు.

తాళం వేశాక ఎవరు వాడుతున్నారు?

అన్ని స్విచ్చులూ ఆపేసినా బండిలో కొన్ని పరికరాలు మేల్కొనే ఉంటాయి. వంట గ్యాస్ లీకైతే అరిచే డిటెక్టర్ వాటిలో మొదటిది. భద్రత కోసం దాన్ని చాలా బళ్లలో నేరుగా బ్యాటరీకే కలుపుతారు. స్టీరియోలో గడియారం, ఫ్రిజ్‌లోని కంట్రోల్ బోర్డు, మెట్లను లోపలికీ బయటికీ నడిపే యంత్రం, స్టాండ్‌బైలో మిగిలిపోయిన ఇన్వర్టర్, ఇంజిన్ కంప్యూటర్, తాళాల రిమోట్ కోసం చెవి ఒగ్గి కూర్చున్న రిసీవర్... ఒక్కోటి తాగేది చుక్కంతే. అన్నీ కలిస్తే ఎంతవుతుందో లెక్క వేసి చూడాల్సిందే.

ఇవన్నీ కలిపి 0.2 ఆంపియర్ తీసుకుంటున్నాయనుకుందాం. చీకట్లో ఒక చిన్న ఎల్‌ఈడీ లైటు వెలిగేంత కరెంటు. రోజుకు 24 గంటలు కాబట్టి 4.8 ఆంపియర్ అవర్లు. నెలకు 144. పైన చెప్పిన 220 ఆంపియర్ అవర్ల జత మూడు వారాలు దాటగానే సగానికి పడిపోతుంది. నెలన్నరకు పూర్తిగా ఖాళీ. నవంబరు మొదట్లో నిండుగా వదిలి వెళ్లిన బండి క్రిస్మస్ నాటికే చచ్చి ఉంటుంది. అప్పటికి గట్టి చలి ఇంకా ముందుంది.

ఇంజిన్ బ్యాటరీ లెక్క కూడా ఇలాంటిదే. దాని మీద 0.05 ఆంపియర్ భారం పడితే నెలకు 36 ఆంపియర్ అవర్లు పోతాయి. మామూలు సైజు ఇంజిన్ బ్యాటరీలో అది దాదాపు సగం. పైగా గడ్డకట్టే చలిలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది, తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. సరిగ్గా అప్పుడే బ్యాటరీ బలం తగ్గి ఉంటుంది.

దీనికి తొలి మందు చాలా చౌక. చాలా మోటార్‌హోమ్‌ల తలుపు పక్కన ‘డిస్‌కనెక్ట్’ స్విచ్ ఉంటుంది. దాన్ని ఆపేస్తే భారం చాలావరకు తెగుతుంది. అయితే గ్యాస్ డిటెక్టర్, సోలార్ కంట్రోలర్, మెట్లు కొన్ని బళ్లలో ఆ స్విచ్‌కు లొంగవు. అందుకని స్విచ్ ఆపాక మల్టీమీటర్‌తో ఇంకా ఎంత కరెంటు పోతోందో ఒక్కసారి చూసుకోవాలి. ఏమీ పోకూడదనుకుంటే బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పేయడమే ఖాయమైన దారి. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. ఈ వరస తప్పితే స్పానరు బండి ఇనుముకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. ఇక గ్యాస్ డిటెక్టర్‌ను మనిషి లోపల ఉన్నంతకాలం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదు. సిలిండర్ వాల్వు మూసి, అందరూ దిగి, తాళం వేసే ముందే దాని కరెంటు తెంచాలి.

డబ్బా లోపల జరిగేది

సీసం బ్యాటరీని ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. 1881లో కామిల్ ఫోర్ పలకలకు సీసపు ముద్ద పూసే పద్ధతి కనిపెట్టి దాన్ని ఫ్యాక్టరీ సరుకుగా మార్చాడు. 1912 మోడల్ క్యాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ ఎలక్ట్రిక్ స్టార్టర్ అమర్చడంతో అది ప్రతి బండిలోకీ చేరింది. నూట అరవై ఏళ్లు దాటినా లోపలి రసాయనం మారలేదు.

ఒక పలక సీసం, ఇంకోటి సీసపు ఆక్సైడు, మధ్యలో పలుచని సల్ఫ్యూరిక్ యాసిడ్. కరెంటు బయటికి పోతున్నప్పుడు యాసిడ్‌లోని సల్ఫేటు పలకలకు పట్టి లెడ్ సల్ఫేట్‌గా మారుతుంది, మిగిలిన ద్రావణం నీళ్లకు దగ్గరవుతుంది. చార్జింగ్ పెడితే అదంతా వెనక్కి తిరిగి, యాసిడ్ మళ్లీ చిక్కబడుతుంది. బ్యాటరీ షాపువాళ్లు హైడ్రోమీటర్‌తో ‘గ్రావిటీ’ చూసేది ఈ చిక్కదనాన్నే.

కొత్తగా పట్టిన లెడ్ సల్ఫేట్ మెత్తగా, సన్నని రేణువులుగా ఉంటుంది. తేలిగ్గా కరుగుతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే, పాకంలో వేలాడదీసిన దారం చుట్టూ కలకండ పెరిగినట్టు, ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద పెద్ద స్ఫటికాలవుతాయి. తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా అవి కరగవు. పలకలో అంత మేర శాశ్వతంగా మూసుకుపోయినట్టే. దీన్నే సల్ఫేషన్ అంటారు. నిలిపిన బండిలో సీసం బ్యాటరీ చావుకు ప్రధాన కారణం ఇదే. ఖాళీ బ్యాటరీలోనే కాదు, మూడొంతులు నిండిన బ్యాటరీలో కూడా ఇది నెమ్మదిగా సాగుతుంది. అందుకే సీసం బ్యాటరీని నిండుగా ఉంచి నిలపాలి, నిండుగానే నిలబెట్టాలి.

ఉత్తరాది చలిలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. నిండుగా చార్జి అయిన బ్యాటరీలో యాసిడ్ చిక్కగా ఉంటుంది కాబట్టి మైనస్ 50 డిగ్రీలకు దిగినా గడ్డకట్టదు. పూర్తిగా ఖాళీ అయినదానిలో మిగిలేది దాదాపు నీరే. అది మైనస్ 7, 8 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. మంచు వ్యాకోచించి పలకలను వంచుతుంది, డబ్బాను పగలగొడుతుంది. మినియాపొలిస్‌లో జనవరి రాత్రి మైనస్ 20 కిందికి దిగడం అరుదేమీ కాదు. అక్కడ ఒకే షెడ్డులో పక్కపక్కనే ఉన్న రెండు బళ్లలో, బ్యాటరీ నిండుగా ఉన్నది ఆ చలిని లెక్కచేయదు. ఖాళీదాని పక్కలు ఉబ్బి ఉంటాయి. గడ్డకట్టిందని అనుమానమొస్తే ఆ బ్యాటరీకి చార్జింగ్ పెట్టనే కూడదు. పేలే ప్రమాదం ఉంది.

చలి కన్నా ఎండ చెడ్డది

నిండుగా ఉన్న సీసం బ్యాటరీకి చలి శత్రువు కాదు, ఒక రకంగా రక్షణ. బయట ఏ భారమూ లేకపోయినా బ్యాటరీ లోలోపల కొంత చార్జి పోగొట్టుకుంటుంది. నీళ్లు పోసే రకం బ్యాటరీలో 20, 25 డిగ్రీల దగ్గర ఇది నెలకు సుమారు 5 శాతం. నీళ్లతో పనిలేని ఏజీఎం రకంలో ఇంకా తక్కువ. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ ఈ నష్టం దాదాపు రెట్టింపవుతుంది. చల్లబడేకొద్దీ అదే లెక్కన తగ్గుతుంది. తీగ విప్పి నిండుగా వదిలేసిన బ్యాటరీ మిన్నెసోటా చలికాలాన్ని చార్జర్ లేకుండానే దాటేయగలదు.

అరిజోనా సంగతి తలకిందులు. చలి రాష్ట్రాల నుంచి వేలాది మోటార్‌హోమ్‌లు జనవరి నాటికి అక్కడి క్వార్ట్‌సైట్ ఎడారికి చేరతాయి. ఎండలు ముదిరేసరికి యజమానులు ఉత్తరాదికి వెళ్లిపోతారు. బండిని అక్కడే వదిలివెళ్లేవాళ్లూ ఉంటారు. ఆ ప్రాంతంలో వేసవి పగలు 45 డిగ్రీలు దాటుతుంది. మూసిన బండిలో, బ్యాటరీ పెట్టెలో అంతకన్నా ఎక్కువ. లోపలి నష్టం నాలుగింతలవుతుంది, పలకల జాలీ తుప్పు పడుతుంది, నీళ్లు ఆవిరవుతాయి. ఇది రెంటచింతలకూ రామగుండానికీ కొత్త సంగతేమీ కాదు. మన ఎండల్లో కారు బ్యాటరీ చల్లటి దేశాల్లో ఉన్నంతకాలం మన్నకపోవడానికి కారణమూ ఇదే.

తక్కువైతే ముప్పు, ఎక్కువైనా ముప్పే

షెడ్డులో కరెంటు పాయింటు ఉంటే చార్జర్ తగిలించి వెళ్లిపోవచ్చని అనిపిస్తుంది. ఏ చార్జర్ అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

పాతకాలపు చార్జర్లు ఎప్పుడూ ఒకే వోల్టేజీ ఇస్తాయి. బ్యాటరీ నిండినా అవి ఆగవు. ఎక్కువైన కరెంటు నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. నెలల తరబడి ఇలా జరిగితే నీరు పలకల కిందికి దిగిపోతుంది. గాలి తగిలిన పలక మళ్లీ కోలుకోదు. పైగా గాలిలో 4 శాతం హైడ్రోజన్ చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. బ్యాటరీ పెట్టెకు గాలి రంధ్రాలు పెట్టేది అందుకే. శుభ్రం కోసమని వాటిని మూయకూడదు.

కొత్త చార్జర్లు మెట్లు మెట్లుగా పనిచేస్తాయి. ఖాళీ బ్యాటరీకి మొదట 14.4 వోల్టుల దాకా ఇచ్చి వేగంగా నింపుతాయి. నిండుతున్నకొద్దీ కరెంటు తగ్గిస్తాయి. పూర్తిగా నిండాక 13.2 నుంచి 13.6 వోల్టుల మధ్య ఫ్లోట్ దశకు దిగి, పోయినంత మేరకే భర్తీ చేస్తాయి. మంచి చార్జర్‌కు ఉష్ణోగ్రతను చూసే చిన్న సెన్సరు కూడా ఉంటుంది. చలిలో వోల్టేజీ కొంచెం పెంచి, ఎండలో కొంచెం తగ్గిస్తుంది. పెద్ద చార్జర్ లేకపోయినా, ఒకటి రెండు ఆంపియర్ల చిన్న బ్యాటరీ మెయింటెయినర్ తగిలిస్తే నిలిపిన బండికి అదే చాలు. ఇంజిన్ బ్యాటరీకి ఒకటి, ఇంటి బ్యాటరీకి ఒకటి.

నీళ్లు పోసే రకమైతే నెలకో, రెండు నెలలకో మూతలు తీసి చూడాలి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్లలోని లవణాలు పలకలకు హాని చేస్తాయి. చార్జింగ్ పూర్తయ్యాకే నీళ్లు నింపాలి. చార్జి అవుతున్నప్పుడు ద్రావణం ఉబ్బుతుంది కాబట్టి, ముందే అంచుదాకా పోస్తే యాసిడ్ పొంగి టెర్మినళ్ల మీద పడుతుంది. పలకలు బయటపడి కనిపిస్తే మాత్రం అవి మునిగేంత ముందే పోసి, మిగతాది తర్వాత నింపాలి.

కప్పు మీద ఎండ పలక

ఖాళీ స్థలాల్లో నిలిపే బళ్లకు కరెంటు పాయింటు ఉండదు. అక్కడ సోలార్ ప్యానెలే దిక్కు. భారమంతా తెంచేసిన బ్యాటరీకి పది, ఇరవై వాట్ల చిన్న ప్యానెల్ కూడా సరిపోతుంది. ఇప్పటి మోటార్‌హోమ్‌ల కప్పు మీద 100, 200 వాట్లవి ముందే బిగించి వస్తున్నాయి. మధ్యలో కంట్రోలర్ తప్పనిసరి. అది లేకుండా పెద్ద ప్యానెల్‌ను నేరుగా కలిపితే, ఎండ బాగా కాసిన రోజుల్లో పాత చార్జర్ చేసే నష్టమే ఇదీ చేస్తుంది.

ఉత్తరాది చలికాలంలో సోలార్‌కు హద్దులున్నాయి. డిసెంబరులో మినియాపొలిస్‌కు పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. సూర్యుడు ఆకాశంలో కిందుగా పాకుతూ పోతాడు. కప్పు మీద బల్లపరుపుగా పరిచిన ప్యానెల్‌కు ఆ ఏటవాలు వెలుగు కొద్దిగానే అందుతుంది. దాని మీద మంచు పడితే అదీ ఉండదు. బండికి కవరు కప్పినా, పైకప్పున్న షెడ్డులో పెట్టినా ప్యానెల్ ఉన్నా లేనట్టే. సోలార్ ఉందన్న ధైర్యంతో భారం తెంచకుండా వదిలేసినవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. ముందు భారం తెంచాలి, ఆ తర్వాతే ప్యానెల్‌ను నమ్ముకోవాలి.

లిథియం వచ్చాక పాత సూత్రం చెల్లదు

గత పదేళ్లలో మోటార్‌హోమ్ ఇంటి బ్యాటరీల్లో పెద్ద మార్పు వచ్చింది. సీసం స్థానంలోకి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ చేరింది. ఈ పదార్థం గురించి 1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన పరిశోధన పత్రం మీద జాన్ గూడెనఫ్‌తో పాటు అక్షయ పాధి, నంజుండస్వామి పేర్లున్నాయి. లిథియం బ్యాటరీల మీద చేసిన కృషికి గూడెనఫ్ 2019లో మరో ఇద్దరితో కలిసి రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. 100 ఆంపియర్ అవర్ల సీసం బ్యాటరీ 30 కిలోలకు దగ్గరగా తూగితే, అంతే సామర్థ్యమున్న ఈ రకం దానిలో సగం కూడా ఉండదు.

నిలిపి ఉంచే విషయంలో దీని స్వభావం సీసానికి పూర్తిగా విరుద్ధం. సీసం నిండుగా ఉండాలి, లిథియం సగం సగంగా ఉండాలి. నెలల తరబడి నూరు శాతం నింపి ఉంచితే, అందులోనూ వేడిలో ఉంచితే, దాని సామర్థ్యం తొందరగా తగ్గుతుంది. ఇంచుమించు సగం చార్జి దగ్గర ఆపి, తీగ విప్పి, చార్జర్ కూడా తీసేసి వదిలేయమని తయారీదారులు సాధారణంగా చెబుతారు. లోలోపల పోయేది చాలా తక్కువ కాబట్టి అయిదారు నెలలు అలా ఉన్నా ఇబ్బంది లేదు.

సున్నా డిగ్రీల కింద దీనికి చార్జింగ్ పెట్టకూడదు. గడ్డకట్టే చలిలో లిథియం అయాన్లు లోపలి గ్రాఫైట్‌లోకి సరిగా దూరలేక, దాని మీద లోహపు పూతగా పేరుకుంటాయి. ఆ నష్టం మళ్లీ పూడదు. మంచి బ్యాటరీల్లోని బీఎంఎస్ అనే కాపలా సర్క్యూట్ చలిలో చార్జింగ్‌ను తనే ఆపేస్తుంది. చవకరకం వాటిలో ఆ రక్షణ ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి. కప్పు మీద సోలార్ ప్యానెల్ ఉన్న బండిలో ఈ ప్రమాదం ఎక్కువ. మైనస్ పదిలో కూడా ఎండ కాస్తుంది, కరెంటు వస్తుంది. పైగా బీఎంఎస్‌కు కూడా కొద్దిగా కరెంటు కావాలి. దాదాపు ఖాళీగా వదిలేస్తే నెలల తర్వాత అది పూర్తిగా ముడుచుకుపోయి, మామూలు చార్జర్ తగిలించినా మేల్కోకపోవచ్చు.

ఇంకో చిక్కు కూడా ఉంది. సీసం బ్యాటరీలో వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పొచ్చు. లిథియంలో నిండుకీ ఖాళీకీ మధ్య చాలాదూరం వోల్టేజీ దాదాపు ఒకేలా ఉంటుంది. వచ్చిన కరెంటూ పోయిన కరెంటూ లెక్కగట్టే షంట్ మీటరు ఉంటేనే నిజం తెలుస్తుంది.

ఇప్పుడు చాలా మోటార్‌హోమ్‌లలో ఇంటి బ్యాటరీ లిథియం, ఇంజిన్ బ్యాటరీ సీసం. ఒకే తాళం కింద రెండు వేర్వేరు నియమాలు. ఒకదానికి చార్జర్ తగిలించి ఉంచాలి, రెండోదానికి తీసేయాలి. కొత్త బ్యాటరీ కొన్నాక పాత అలవాటును కూడా మార్చుకోవాలన్న సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.

పావుగంట ఇంజిన్ ఆన్ చేస్తే సరిపోతుందా?

వారానికోసారి వెళ్లి పావుగంట ఇంజిన్ నడిపితే బ్యాటరీ నిండుతుందన్న నమ్మకం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. సెల్ఫ్ కొట్టడానికి పోయే కరెంటు నిజానికి చాలా తక్కువ. 200 ఆంపియర్లు అయిదు సెకన్లు లాగినా మూడో వంతు ఆంపియర్ అవర్ కూడా కాదు. దాన్ని ఇంజిన్ తొందరగానే పూడుస్తుంది. పూడ్చలేనిది వారాల తరబడి కారిపోయిన లోటును. సీసం బ్యాటరీ చివరి ఇరవై శాతాన్ని గంటల తరబడి నెమ్మదిగానే తీసుకుంటుంది, దాన్ని తొందరపెట్టడం కుదరదు. పావుగంట ఐడిల్‌లో నడిపితే పొగ గొట్టంలో తేమ చేరడం, పెట్రోలు కాలడం తప్ప పెద్ద ఫలితం ఉండదు. నడపదలిస్తే నెలకోసారి ఒక గంట రోడ్డు మీద తిప్పాలి. మంచు వల్ల అది కుదరకపోతే మెయింటెయినరే మేలు.

సిమెంటు నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోతుందన్నది ఇంకో పాత నమ్మకం. ఒకప్పుడు చెక్కతోనూ గట్టి రబ్బరుతోనూ చేసిన పెట్టెల నుంచి తేమ ద్వారా కరెంటు కారేది. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు ఆ భయం లేదు. విప్పి తెచ్చిన బ్యాటరీని గ్యారేజీ నేల మీద నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

మీటరు చెప్పే లెక్క

చార్జర్ తీసి, ఏ భారమూ లేకుండా కొన్ని గంటలు ఆగాక 12 వోల్టుల సీసం బ్యాటరీ మీద మల్టీమీటర్ పెడితే కనిపించేవి ఇవి:

12.6 నుంచి 12.7 – నిండుగా ఉంది.
12.4 – మూడొంతులు. ఇక ఆలస్యం చేయకుండా చార్జింగ్ పెట్టాలి.
12.2 – సగం. సల్ఫేషన్ వేగం అందుకుంటుంది.
12.0 – పావు వంతు. గట్టి చలి ఉన్నచోట గడ్డకట్టే ప్రమాదం.
11.8 – ఖాళీ. వెంటనే పెట్టినా పూర్తిగా కోలుకుంటుందన్న నమ్మకం లేదు.

చార్జింగ్ తీసిన వెంటనే చూస్తే 13 దాకా కనిపించి మోసపోతాం. కొన్ని గంటలు ఆగి చూసిన అంకెనే నమ్మాలి.

ఎందుకింత శ్రద్ధ?

డబ్బు ఒక కారణం. రెండోది సీసం. బ్యాటరీ బరువులో సగానికి పైగా ఉండేది అదే. సీసం పిల్లల మెదడుకు విషం. పాత బ్యాటరీని సరైన ఫ్యాక్టరీకి చేరిస్తే దాన్ని కరిగించి కొత్త పలకలు చేస్తారు. లోకంలో బాగా రీసైకిల్ అవుతున్న వస్తువుల్లో సీసం బ్యాటరీది ముందు వరస. పెరట్లో పొయ్యి పెట్టి కరిగించేవాళ్ల చేతికి చేరితే ఆ పొగ చుట్టుపక్కల ఇళ్లలోకి పోతుంది. మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం, వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపాల్సిన బాధ్యత తయారీదారులదే. ఎక్స్ఛేంజ్ ధర కాస్త తక్కువ వచ్చినా షాపులోనే ఇవ్వడం మంచిది. అయిదేళ్లు బతకాల్సిన బ్యాటరీ రెండేళ్లకే పోతే ఈ చక్రమంతా రెండింతలు తిరగాలి. దాన్ని ఆపడానికి అయ్యే ఖర్చు ఒక చిన్న మెయింటెయినరు, లేదా ఒక స్పానరు తిప్పు.

బ్యాటరీల తయారీలో తెలుగు నేలకూ వాటా ఉంది. 1985లో మొదలైన అమరరాజా సంస్థ తిరుపతి పక్కనున్న కరకంబాడిలో సీసం బ్యాటరీలు తయారుచేస్తూ పెరిగింది. ఇప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం వైపు అడుగులు వేస్తోంది. క్యారవాన్ ప్రయాణాలూ మన దేశంలో మెల్లగా మొదలవుతున్నాయి. కేరళ ప్రభుత్వం 2021లోనే వీటి కోసం ప్రత్యేక పర్యాటక విధానం ప్రకటించింది. రేపు ఇక్కడ కొనేవాళ్లకూ వానాకాలం నెలలు బండిని నిలపాల్సిన అవసరం వస్తుంది.

మన ఇంటికి తాళం వేసినప్పుడు

మోటార్‌హోమ్ లేకపోయినా ఈ లెక్క మనకూ వర్తిస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో అపార్ట్‌మెంటు సెల్లార్లలో వారాల తరబడి నిలిచిపోయిన కార్లు ఎన్నో సెల్ఫ్ తీసుకోక మొరాయించాయి. ఏటా అలాంటి పరిస్థితి తెచ్చుకునే ఇళ్లూ ఉన్నాయి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు ఆరు నెలలు ఉండి వస్తారు. ఇక్కడ ఇంట్లో ఇన్వర్టర్, కింద కారు అలాగే ఉంటాయి.

కారుకైతే బయల్దేరే ముందురోజు గంటసేపు రోడ్డు మీద తిప్పి, 12.6 వోల్టులు ఉందో లేదో చూసి, నెగెటివ్ టెర్మినల్ విప్పేయడం తేలికైన పని. కరెంటు తాళాలున్న కార్లలో బ్యాటరీ విప్పాక డిక్కీ తెరుచుకోకపోవచ్చు కాబట్టి, ఏ తలుపు తాళంచెవితో తెరుచుకుంటుందో ముందే చూసుకోవాలి. టెర్మినళ్లకు పట్టిన తెల్లటి పొడిని వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక కొంచెం వాజలిన్ రాయాలి.

ఇన్వర్టర్‌కు రెండు దారులున్నాయి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ గుర్తు దాకా నింపి, పూర్తిగా చార్జి అయ్యాక ఇన్వర్టర్‌ను ఆపి, బ్యాటరీ తీగ విప్పేయడం మొదటిది. మన వేసవిలో లోలోపలి నష్టం ఎక్కువ కాబట్టి రెండు నెలలకోసారి ఎవరైనా వచ్చి ఒక పగలంతా చార్జింగ్ పెట్టాలి. ఇన్వర్టర్‌ను ఆన్‌లోనే ఉంచి ఫ్లోట్‌లో వదిలేయడం రెండోది. అప్పుడు బ్యాటరీ నిండుగా ఉంటుంది గానీ నీళ్లు తగ్గుతాయి. ఆ నీళ్లు చూసే మనిషి తప్పనిసరిగా ఉండాలి. ఎవరూ రాలేరంటే రెండిట్లో మొదటి దారే కొంత నయం. ఎలక్ట్రిక్ స్కూటరుంటే దాన్ని నిండుగా నింపి వదలకుండా, కంపెనీ మాన్యువల్ ఎంత శాతం దగ్గర ఆపమందో అక్కడ ఆపి, చార్జర్ ప్లగ్ తీసేయాలి.

తిరిగొచ్చాక నేరుగా సెల్ఫ్ కొట్టొద్దు. ముందు మీటరు పెట్టాలి. 12.4 కన్నా తక్కువుంటే బ్యాటరీ షాపులో ఒక రాత్రి చార్జింగ్ పెట్టించాకే బండి తీయాలి. ఇక తాళాలు ఎవరి చేతికి ఇచ్చి వెళ్తారో ఆ బావమరిదికో, ఎదురింటి పిన్నికో నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా, ఒక కాగితం మీద రాసి ఇన్వర్టర్‌కు అతికించి వెళ్లడం మంచిది. చివరిసారి చార్జి అయిన తేదీ, మళ్లీ పెట్టాల్సిన తేదీ, నీళ్ల సీసా ఎక్కడుందో, ఏ తీగ ముందు బిగించాలో, బ్యాటరీ షాపు ఫోన్ నంబరు... ఈ అయిదూ ఆ కాగితం మీద ఉంటే చాలు.